సున్నాకు దిగువన అయిదు వోల్టులు

ఎం.ఆర్.ఐ. పరీక్ష అనే మాట వినని కుటుంబం ఈ రోజుల్లో బహుశా ఉండదు. సొరంగం వంటి యంత్రంలోకి రోగిని పంపుతారు. లోపల సుత్తితో కొట్టినట్లు పెద్ద చప్పుడవుతుంది. ఆ చప్పుడు అయస్కాంత క్షేత్రాన్ని అటూ ఇటూ మార్చే తీగచుట్టలది. అసలు పని చెవికి వినిపించదు. 1.5 టెస్లాల అయస్కాంతంలో ఉన్న శరీరంలోకి సుమారు 64 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలు కొన్ని కిలోవాట్ల శక్తితో క్షణకాలం వెళ్లి ఆగిపోతాయి. అవి ఆగిన వెంటనే శరీరంలోని నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలు అదే పౌనఃపున్యంలో తమ సమాధానం చెబుతాయి. ఏనుగు ఘీంకరించిన మరుక్షణమే అదే గదిలో చీమ అడుగుల చప్పుడు వినవలసి రావడం ఎటువంటిదో, ఆ యంత్రం చేయవలసిన పని అటువంటిది.

ఘీంకారం జరుగుతున్నంతసేపూ చెవులు మూసుకోవాలి. అది ఆగిన క్షణాన తెరవాలి. ఈ మూయడం, తెరవడం చేసే చిన్న పరికరమే రేడియో స్విచ్చి. దానిని కంప్యూటరు ఎట్లా నడిపిస్తుందన్నది ఈ వ్యాసంలోని విషయం. వినడానికి స్వల్పవిషయంగా కనిపించినా, ఇందులో ఒక చిక్కుంది. కంప్యూటరు భాషలో ఉన్నవి రెండే మాటలు: సున్నా వోల్టులు, ధన అయిదు వోల్టులు. స్విచ్చికి అర్థమయ్యేవి కూడా రెండే: సున్నా వోల్టులు, ఋణ అయిదు వోల్టులు. సున్నా ఒక్కటే ఇద్దరికీ ఉమ్మడి మాట.

కేంద్రక అయస్కాంత అనునాదాన్ని హార్వర్డ్‌లో పర్సెల్ బృందం, స్టాన్‌ఫర్డ్‌లో బ్లాక్ బృందం వేర్వేరుగా కనుగొని 1946లో ప్రకటించాయి. ఆ ఇద్దరికీ 1952లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. తొలినాళ్ల పరికరాలలో బలహీనమైన రేడియో తరంగం నిరంతరంగా ప్రవహించేది కనుక వేగపు స్విచ్చితో అంతగా పని ఉండేది కాదు. 1950లో ఎర్విన్ హాన్ ప్రకటించిన స్పిన్ ప్రతిధ్వని ప్రయోగం, 1966లో ఎర్న్‌స్ట్, ఆండర్సన్ ప్రతిపాదించిన పల్సు పద్ధతి ఈ స్థితిని మార్చివేశాయి. బలమైన పల్సు ఒకటి ఇచ్చి, ఆపి, నిశ్శబ్దంలో వినడమే ఆ పద్ధతి సారాంశం. ఎర్న్‌స్ట్‌కు 1991లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి రావడానికి ప్రధాన కారణాలలో ఇదొకటి.

రసాయన ప్రయోగశాలలో సర్వసాధారణంగా కనిపించే 9.4 టెస్లాల అయస్కాంతాన్ని తీసుకుందాం. అందులో హైడ్రోజన్ కేంద్రకం 400 మెగాహెర్ట్జ్ వద్ద పలుకుతుంది. పల్సు సుమారు 10 మైక్రోసెకండ్లు ఉంటుంది. ప్రసారిణి 50 వాట్లు పంపితే, 50 ఓముల కేబులులో అది 50 వోల్టులు. తిరిగి వచ్చే సంకేతం కొన్ని మైక్రోవోల్టులు. అయిదనుకుంటే, రెండింటి నిష్పత్తి కోటి. శక్తి వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది కనుక శక్తిలో తేడా కోటి కోట్లు. ఇంతటి తేడాను ఏ ఒక్క స్విచ్చీ అడ్డుకోలేదు. అందుకే దారి పొడవునా అంచెలంచెలుగా కాపలా పెడతారు. 400 మెగాహెర్ట్జ్ తరంగాన్ని పుట్టించే పరికరం రోజంతా పనిచేస్తూనే ఉంటుంది గనుక, శక్తివంతమైన ఆంప్లిఫయరుకు ముందే ఒకటి రెండు స్విచ్చిలుంటాయి. నమూనా దగ్గర, పెద్ద శక్తిని తట్టుకోగల డయోడులుంటాయి. గ్రాహకం ముంగిట మళ్లీ స్విచ్చి. ఇవన్నీ ఒకరి తరువాత ఒకరు, తాళం తప్పకుండా, తెరుచుకొని మూసుకోవాలి.

ఎలక్ట్రాన్ స్పిన్ అనునాదంలో పరిస్థితి ఇంకా కఠినం. ఎలక్ట్రాన్ అయస్కాంత బలం హైడ్రోజన్ కేంద్రకపు బలానికి సుమారు 658 రెట్లు. కనుక 0.34 టెస్లాల చిన్న అయస్కాంతంలోనే అది 9,500 మెగాహెర్ట్జ్ వద్ద పలుకుతుంది. పలికిన మాట మైక్రోసెకండులోపే మాసిపోవచ్చు. పల్సు పొడవు పది ఇరవై నానోసెకండ్లు మాత్రమే. స్విచ్చి వంద నానోసెకండ్లు ఆలస్యం చేస్తే, వేగంగా నశించే రాడికల్ సంకేతంలో మంచి భాగం ఎవరూ వినకుండానే పోతుంది. ఆ పోయిన భాగాన్ని తరువాత ఏ కంప్యూటరూ తిరిగి తేలేదు.

ఇక స్విచ్చి లోపలికి వెళదాం. పనిమంతమైన వేగపు స్విచ్చిలలో పెద్ద వర్గం గాలియం ఆర్సెనైడ్ స్ఫటికంపై నిర్మించినవి. వీటికి మూలమైన లోహగేటు ట్రాన్సిస్టరును కార్వర్ మీడ్ 1966లో ప్రతిపాదించాడు. శుద్ధ స్థితిలో ఈ స్ఫటికంలో ఎలక్ట్రాన్లు సిలికాన్‌లో కంటే సుమారు ఆరు రెట్లు చురుకుగా కదులుతాయి. పైగా, మలినాలు కలపని స్ఫటికం దాదాపు విద్యుద్బంధకంలా ప్రవర్తిస్తుంది. కనుక రేడియో తరంగం పక్కదారుల్లో కారిపోదు.

డెల్టా ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి ఈ ట్రాన్సిస్టరును వివరించడం సులభం. అదొక పంటకాలువ. కాలువకు ఒక కొస సోర్సు, మరొక కొస డ్రెయిను. ప్రవహించేవి ఎలక్ట్రాన్లు. మధ్యలో కాలువ ఒడ్డున ఉన్న లోహపు పలక గేటు. ఈ కాలువలో ఎలక్ట్రాన్లను తయారీ సమయంలోనే నింపి ఉంచుతారు. అందుచేత గేటు మీద ఏమీ లేనప్పుడు, అంటే సున్నా వోల్టుల వద్ద, నీరు పారుతూనే ఉంటుంది. ఇది సహజంగా తెరిచి ఉండే తూము. మూయాలంటే పైనుంచి అదమాలి. ఎలక్ట్రాన్లు ఋణావేశం గలవి. గేటుకు ఋణ వోల్టేజి ఇస్తే అవి గేటు కింది నుంచి దూరంగా నెట్టబడతాయి, కాలువ సన్నబడుతుంది. ఋణ ఒకటి రెండు వోల్టులకు పూర్తిగా ఎండిపోతుంది. ధన వోల్టేజితో నడిపితే ఏమవుతుందని అడగవచ్చు. లోహానికీ స్ఫటికానికీ మధ్య ఉన్నది ఒక డయోడు. ధన దిశలో సుమారు 0.7 వోల్టులు దాటితే అది తెరుచుకొని గేటులోనుంచే విద్యుత్తు పారుతుంది. స్విచ్చి చెడిపోయే అవకాశం కూడా ఉంది. కనుక ఆ వైపు దారి లేదు.

రెండు వోల్టులకే మూసుకునే తూమును అయిదు వోల్టులతో అదమడం దేనికి? మూసిన తూము మీదికి వచ్చే అల కూడా దానిని కదిలించగలదు కనుక. మూసి ఉన్న ట్రాన్సిస్టరుకు రెండు కొసల మధ్య రేడియో వోల్టేజి ఊగుతూ ఉంటుంది. అందులో దాదాపు సగం గేటుకూ ఒక కొసకూ మధ్య, తక్కిన సగం గేటుకూ రెండవ కొసకూ మధ్య పడుతుంది. నియంత్రణ వోల్టేజి ఋణ 3, మూసుకునే హద్దు ఋణ 2 అయితే, ఒక్క వోల్టు ఊపుకే కాలువ మళ్లీ తెరుచుకుంటుంది. నియంత్రణ ఋణ 5 అయితే మూడు వోల్టుల ఊపును తట్టుకుంటుంది. మూడు రెట్ల ఊపు అంటే తొమ్మిది రెట్ల శక్తి.

స్విచ్చి చిప్పులో ఇటువంటి తూములు నాలుగుంటాయి. ప్రతి దారిలోనూ తరంగానికి అడ్డంగా ఒకటి, భూమికి దారితీసేది మరొకటి. దారి మూసినప్పుడు మొదటిది మూసుకుంటుంది. రెండవది తెరుచుకొని, మొదటిదాన్ని దాటి చొరబడిన తరంగాన్ని భూమిలోకి మళ్లిస్తుంది. కనుక చిప్పుకు రెండు నియంత్రణ తీగలు కావాలి. ఒకటి సున్నా వద్ద ఉన్నప్పుడు రెండవది ఋణ 5 వద్ద, ఆ తరువాత తారుమారుగా.

సంకేతాలు పంపే డిజిటల్ చిప్పుకు ఋణ వోల్టేజి అన్నదే తెలియదు. దాన్ని నేర్పే మార్గాలలో అందమైనది ఒకటుంది. అది తెలిసినా చాలామంది ముందు నమ్మరు. మామూలు 74 శ్రేణి సి-మాస్ చిప్పును తీసుకొని, ధన 5 వోల్టులకు కలపవలసిన కాలును భూమికి, భూమికి కలపవలసిన కాలును ఋణ 5 వోల్టులకు కలిపితే చాలు. చిప్పు ఎప్పటిలాగే పనిచేస్తుంది. దిగుడుబావిలో అయిదు మెట్లు దిగి నిలుచున్న మనిషికి తన పాదాల కిందిదే నేల. తన తల ఊరి నేలమట్టానికి ఉందన్న సంగతి అతనికి పట్టదు. చిప్పుకు కావలసినది రెండు కాళ్ల మధ్య అయిదు వోల్టుల తేడా. అది ఎక్కడినుంచి ఎక్కడికన్నది దానికి అనవసరం. ఇప్పుడు దాని ఉచ్చ స్థాయి సున్నా, నిమ్న స్థాయి ఋణ 5. సరిగ్గా స్విచ్చి కోరినవే! పైకి లాగడానికీ, కిందికి లాగడానికీ రెండు దిశలా బలమున్న ట్రాన్సిస్టర్లు అందులో ఉన్నాయి కనుక వేగం కూడా అయిదారు నానోసెకండ్లు ఉంటుంది.

అయితే బావిలోని మనిషికి పైనుంచి మాట అందించాలి గదా. కంప్యూటరు వైపు నుంచి వచ్చే ధన 5 వోల్టుల తీగను నేరుగా బావిలోని చిప్పుకు కలిపితే, దాని దృష్టిలో అది నెత్తిమీద మరో అయిదు వోల్టుల పిడుగు. చిప్పు లోపలి రక్షణ డయోడులు తెరుచుకుంటాయి; చిప్పు బిగుసుకుపోయి కాలిపోవచ్చు. కనుక మధ్యలో అనువాదకుడు అవసరం. సాధారణ పద్ధతి ఒక పి.ఎన్.పి. ట్రాన్సిస్టరు: దాని బేసు భూమికి, ఎమిటరు ఒక నిరోధం ద్వారా కంప్యూటరు సంకేతానికి, కలెక్టరు మరొక నిరోధం ద్వారా ఋణ 5కు. సంకేతం ధన 5 అయితే, 1,000 ఓముల నిరోధంలో 4.3 మిల్లీఆంపియర్లు పారుతుంది. అదే విద్యుత్తు కింది 1,000 ఓములలోనూ పారి కలెక్టరును 4.3 వోల్టులు పైకెత్తుతుంది. ఋణ 5 నుంచి ఋణ 0.7కు చేరుస్తుంది. బావిలోని చిప్పుకు అది స్పష్టమైన ఉచ్చ స్థాయి. సంకేతం సున్నా అయితే ట్రాన్సిస్టరు నిద్రపోతుంది, కలెక్టరు ఋణ 5కు జారుతుంది. ఇక్కడ అత్యాశ పనికిరాదు. కింది నిరోధాన్ని పెంచి కలెక్టరును సున్నాదాకా, ఆపైకీ లాగాలని చూస్తే ట్రాన్సిస్టరు సంతృప్త స్థితిలో పడి, అందులో పేరుకున్న ఆవేశం ఖాళీ కావడానికి పదులకొద్దీ నానోసెకండ్లు పడుతుంది. కాస్త తక్కువతో తృప్తిపడినవారికే వేగం దక్కుతుంది.

కెపాసిటరు ద్వారా సంకేతాన్ని దాటించే పద్ధతి కూడా ఉంది. అది వేగవంతమైనదే గాని, మార్పును మాత్రమే దాటిస్తుంది, స్థితిని కాదు. స్విచ్చి వేసిన క్షణాన తూము తెరిచి ఉందో మూసి ఉందో చెప్పేవారుండరు. ఖరీదైన పరికరాలలో దీనిని ఎంచుకోవడం వివేకం కాదు. ఎక్కువ దూరాలకు, వేర్వేరు భూమి తీగలున్నచోట, కాంతి ద్వారా గాని, సూక్ష్మ ట్రాన్స్‌ఫార్మరు ద్వారా గాని దాటించే విడదీత చిప్పులు మేలు.

రెండు తీగల సంగతి ఒకటి మిగిలింది. రెండవ తీగకు విలోమ సంకేతం కావాలి గనుక ఒక విలోమ గేటు అదనంగా పెడితే, అది అయిదు నానోసెకండ్లు వెనకబడుతుంది. ఆ అయిదు నానోసెకండ్లలో రెండు దారులూ తెరిచి గాని, రెండూ మూసి గాని ఉంటాయి. పల్సే పది నానోసెకండ్లయినచోట ఇది చిన్న దోషం కాదు. దీనికి అనుభవజ్ఞులు చేసే ఉపాయం: ఒకే చిప్పులోని రెండు ఎక్స్‌క్లూజివ్ ఆర్ గేట్లకు అదే సంకేతాన్ని ఇచ్చి, ఒకదాని రెండవ కాలును ఉచ్చ స్థాయికి, మరొకదాని రెండవ కాలును నిమ్న స్థాయికి కట్టివేయడం. ఒకటి సంకేతాన్ని తారుమారు చేస్తుంది, మరొకటి ఉన్నదున్నట్లు పంపుతుంది. ఆలస్యం మాత్రం రెండింటికీ దాదాపు సమానం.

బావి తవ్వడం ఇష్టంలేనివారు ఇంటినే మిద్దె మీద కట్టుకుంటారు. స్విచ్చి భూమి కాలును భూమికి కాక ధన 5 వోల్టులకు కలిపి, రేడియో తరంగం వచ్చిపోయే ప్రతి ద్వారం దగ్గర ఒక కెపాసిటరు, ఆ భూమి కాలు దగ్గర మరొకటి ఉంచుతారు. అప్పుడు కంప్యూటరు ఇచ్చే సున్నా, స్విచ్చి దృష్టిలో ఋణ 5. కంప్యూటరు ఇచ్చే ధన 5, స్విచ్చి దృష్టిలో సున్నా. అనువాదకుడే అక్కరలేదు. టెలిఫోనులలో ఈ పద్ధతి బాగా చెల్లింది. కాని రసాయన ప్రయోగశాలలో ఒకే గ్రాహకం అనేక కేంద్రకాలను వినాలి. 9.4 టెస్లాలలో హైడ్రోజన్ 400 మెగాహెర్ట్జ్ వద్ద ఉంటే, కార్బన్-13 సుమారు 100 వద్ద, నైట్రోజన్-15 సుమారు 40 వద్ద ఉంటాయి. 100 పికోఫారడ్‌ల కెపాసిటరు 400 మెగాహెర్ట్జ్ వద్ద 4 ఓములే అడ్డుపెడుతుంది. 40 వద్ద 40 ఓములు. అసలే బలహీనమైన నైట్రోజన్ సంకేతానికి అది అన్యాయం. పెద్ద కెపాసిటరు పెడితే దాని తీగల ప్రేరకత్వం, అధిక పౌనఃపున్యాల వద్ద భూమికి పోవలసిన తరంగాన్ని సరిగా పోనివ్వదు. విశాలమైన పరిధిలో పనిచేయవలసిన పరికరానికి బావి పద్ధతే నమ్మదగినది.

స్విచ్చి వేగం విషయంలో అమ్మకపు పత్రాలు చెప్పేది ఒకటి, రసాయనశాస్త్రం చెప్పేది మరొకటి. గేటు దగ్గర, రేడియో తరంగం నియంత్రణ తీగలోకి పారిపోకుండా కొన్ని వేల ఓముల నిరోధం పెడతారు. 5,000 ఓములు, 0.5 పికోఫారడ్‌ల గేటు అనుకుంటే కాలపరిమాణం 2.5 నానోసెకండ్లు. పత్రంలో కనిపించే సంఖ్య ఇటువంటిదే. పత్రం సాధారణంగా చెప్పేది తొంభై శాతం మార్పు జరగడానికి పట్టే కాలం. మిగిలిన పది శాతం సంగతేమిటి?

సిలికాన్‌కు ప్రకృతి ఒక వరమిచ్చింది. గాలి తగిలితే దాని మీద ఏర్పడే సిలికాన్ డయాక్సైడ్ గట్టిది, శుభ్రమైనది, ఉపరితలంపై తెగిన బంధాలను చాలావరకు సరిచేసే పొర. గాలియం ఆర్సెనైడ్‌కు ఆ భాగ్యం లేదు. దాని మీద ఏర్పడేది గాలియం ఆక్సైడు, ఆర్సెనిక్ ఆక్సైడుల మిశ్రమం. ఆర్సెనిక్ ఆక్సైడు కింది స్ఫటికంతో చర్య జరిపి, గాలియం ఆక్సైడుగా మారుతూ మూలక ఆర్సెనిక్‌ను విడిచిపెడుతుంది. ఆ లోపాల వద్ద ఎలక్ట్రాన్లు చిక్కుకుంటాయి. గేటు తెరుచుకోమన్నా, గేటు పక్కన ఉపరితలంలో చిక్కిన ఎలక్ట్రాన్లు మైక్రోసెకండ్ల నుంచి మిల్లీసెకండ్ల దాకా కదలవు. అవి ఉన్నంతసేపూ కాలువ అంచులు సన్నగానే ఉంటాయి. తూము తలుపు ఎత్తినా గట్టు మీద పెరిగిన గుర్రపుడెక్క అడ్డుపడినట్లు. ఫలితంగా పల్సు ఎత్తు, దశ పల్సు మొదట్లో ఒక రకంగా, చివర్లో మరో రకంగా ఉంటాయి. వందలాది పల్సులను వరుసగా ఇచ్చే ప్రయోగాలలో ఈ చిన్న దోషాలు పేరుకుంటాయి. సిలికాన్ నైట్రైడ్ పొరతో కప్పడం, గేటును గుంటలో అమర్చడం వంటి ఉపాయాలతో తయారీదారులు దీనిని తగ్గించారు గాని నిర్మూలించలేదు. కొనేవారు తొంభై శాతం కాలాన్ని కాక, తొంభై తొమ్మిది శాతం కాలాన్ని అడగడం మంచిది.

వేగం మితిమీరినా నష్టమే. గేటు మీద వోల్టేజి అయిదు వోల్టులు దూకినప్పుడు గేటు కెపాసిటెన్సు ద్వారా ఒక సన్నని ముల్లు వంటి పల్సు రేడియో దారిలోకి చొరబడుతుంది. అది పదుల మిల్లీవోల్టులుండవచ్చు. గ్రాహకం వినవలసినది మైక్రోవోల్టులు. కనుక హైడ్రోజన్ కేంద్రకాలను వినే గ్రాహకం ముందు రెండు నానోసెకండ్ల స్విచ్చి పెట్టడం దుబారా. అక్కడ నియంత్రణ సంకేతాన్ని కాస్త నెమ్మదింపజేసినవారికి శుభ్రమైన వర్ణపటం వస్తుంది. ఎలక్ట్రాన్ స్పిన్ పరికరానికి ఈ సలహా చెల్లదు.

ఋణ 5 వోల్టులు ఎక్కడినుంచి వస్తాయి? చిన్న పరికరాలలో ఒక కెపాసిటరును ధన 5 వోల్టులతో నింపి, దాని ధన కొసను భూమికి తిప్పికలిపితే రెండవ కొస ఋణ 5 అవుతుంది. సెకనుకు కొన్ని వేల సార్లు ఈ బిందె నింపి వంచడం జరుగుతుంది. గేట్లకు కావలసిన విద్యుత్తు అత్యల్పం కనుక ఇది సరిపోతుంది. కాని ఆ నింపి వంచే లయ నియంత్రణ తీగల మీదుగా రేడియో తరంగంపై ముద్ర వేయగలదు. లయ 4,000 హెర్ట్జ్ అయితే, 400 మెగాహెర్ట్జ్ వర్ణపటంలో ప్రతి పెద్ద శిఖరానికీ అటూ ఇటూ 10 పి.పి.ఎం. దూరాన దయ్యపు శిఖరాలు కనిపిస్తాయి. నమూనాలో లేని పదార్థాన్ని వెదుకుతూ రోజులు గడిపే ప్రమాదముంది. మంచి వడపోత లేకుండా దీనిని వాడరాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, సాధారణంగా చివర గుర్తుకు వచ్చేది, ఋణ వోల్టేజి పోయినప్పుడు ఏమవుతుందన్నది. ఈ తూములు సహజంగా తెరిచి ఉండేవని చెప్పుకున్నాం. ఋణ 5 సరఫరా ఆగితే నాలుగు తూములూ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. భూమికి పోయే తూములు కూడా తెరుచుకుంటాయి కనుక తరంగం కొంత తగ్గుతుందే గాని ఆగదు. ప్రసారిణి ముందున్న స్విచ్చి అట్లా తెరుచుకుంటే, మైక్రోసెకండ్ల పల్సుల కోసం చేసిన ఆంప్లిఫయరుకు నిరంతర తరంగం అందుతుంది. నమూనా వేడెక్కుతుంది, సున్నితమైన తీగచుట్ట మాడవచ్చు. కనుక ఋణ 5ను ఒక పోలిక చిప్పు ఎల్లప్పుడూ కనిపెట్టి ఉండాలి. అది ఉన్నదని తేలిన తరువాతనే ఆంప్లిఫయరుకు అనుమతి ఇవ్వాలి. పరికరాన్ని వెలిగించేటప్పుడు ఋణ 5 ముందు రావాలి, ఆపేటప్పుడు చివర పోవాలి. నియంత్రణ కేబులు ఊడిపోయినా సంకేతం "మూసి ఉంచు" స్థితిలోనే నిలిచేటట్లు ఒక నిరోధంతో కట్టి ఉంచాలి. ఆ నిరోధం ఖరీదు కొన్ని సెంట్లు.

ఆసుపత్రి యంత్రంలో ఇదే విషయం మరో రూపంలో ఉంటుంది. రోగి శరీరంపై ఉంచే గ్రాహక తీగచుట్టలను, ప్రసారం జరుగుతున్నంతసేపూ శ్రుతి తప్పించి ఉంచాలి. ఆ పని పిన్ డయోడులు చేస్తాయి. వీటిని తెరవడానికి సుమారు వంద మిల్లీఆంపియర్ల ధన విద్యుత్తు, మూసి ఉంచడానికి ఋణ వోల్టేజి కావాలి. ఇక్కడ కూడా కారణం రేడియో తరంగపు ఊపే. శ్రుతి తప్పించే ఏర్పాటు విఫలమైతే ఆ తీగచుట్టలో పెద్ద విద్యుత్తు ప్రేరేపితమై దాని కింది చర్మం కాలవచ్చు. అందుచేతనే యంత్రం ఆ నియంత్రణ విద్యుత్తులను కొలుస్తూ, తేడా వస్తే పరీక్షను ఆపివేస్తుంది. ఒక పరీక్ష మధ్యలో ఆగి, సాంకేతికుడు వచ్చి తీగచుట్ట కేబులును మళ్లీ గుచ్చి వెళ్లాడంటే రోగి విసుగుపడనవసరం లేదు. పరీక్ష జరుగుతుండగా ఎక్కడైనా వేడిగా అనిపిస్తే మాత్రం మొహమాటపడకుండా చేతిలోని పిలుపు బంతిని నొక్కాలి. ఇది ఇంట్లో పెద్దవారికి ముందుగానే తెలుగులో చెప్పి పంపవలసిన మాట.

ఇప్పుడు విద్యుద్బంధకంపై పరచిన సిలికాన్ పొరతో చేసిన స్విచ్చిలు విరివిగా వచ్చాయి. వాటికి ధన వోల్టేజి మాత్రమే ఇస్తే చాలునని ప్రకటనలుంటాయి. అది నిజమే గాని, వాటిలో అనేకం లోపల ఒక చిన్న బిందెను నింపి వంచుతూ తమ ఋణ వోల్టేజిని తామే తయారుచేసుకుంటాయి. ఆ లోపలి లయ గ్రాహకానికి సన్నగా వినిపిస్తుంది. సున్నితమైన పరికరాల కోసం కొన్ని చిప్పులలో అదనంగా ఒక కాలు ఉంచారు. బయటి నుంచి శుభ్రమైన ఋణ వోల్టేజిని ఆ కాలుకు ఇస్తే లోపలి పంపు ఆగిపోతుంది, దానితోపాటే ఆ సన్నని సడీ ఆగిపోతుంది.